దారి తప్పినవారికి మాత్రమే

మా ఊరి పెద్దాసుపత్రిలో ఇప్పుడెవరూ దారి తప్పడం లేదు. ఇది నా మాట కాదు. గేటు పక్కన పెద్దక్షరాలతో రాసి పెట్టారు. ఇదివరకు అదే చోట ఏ జబ్బుకి ఏ గదో చెప్పే బోర్డు ఉండేది. దాన్ని తీసేశారు. జనం ఆ బోర్డు చదువుకుని ఎవరంతట వాళ్లు నడిచి వెళ్లిపోతున్నారనీ, దాన్ని అనియంత్రిత గమనం అంటారనీ, ఆసుపత్రుల్లో సగం అనర్థాలకు అదే కారణమనీ నిపుణులు తేల్చారట.

అంతా ఒక పంటినొప్పితో మొదలైంది. చాలా పైస్థాయిలో ఉన్న ఒకాయన బావమరిది పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. బోర్డు చదవడం తన హోదాకి తగదనుకుని, ఎదురైన మనిషిని దారి అడిగాడు. మా వైపు మనిషిని దారి అడిగితే తెలియదని మాత్రం అనడు. అలా అంటే అడిగినవాడు చిన్నబుచ్చుకుంటాడని, తనకి తోచిన వైపు చెయ్యి చూపిస్తాడు. ఆ మర్యాద పుణ్యమా అని బావమరిదిగారు కాన్పుల వార్డు ముందు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. నర్సమ్మ ఒకామె బయటికొచ్చి "మగపిల్లాడండీ" అని గుడ్డల్లో చుట్టిన బిడ్డని చేతిలో పెట్టేదాకా ఆయనకి అనుమానం రాలేదు.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఏ రోగీ దారి తప్పరాదు. అందుకోసం రోగి గమన సౌలభ్య విభాగం ఏర్పడింది. దానికి ప్రత్యేకాధికారిగా సర్వోత్తమరావుగారు వచ్చారు. ఆయన వైద్యుడు కాడు. జనం దారి తప్పని దేశాలు చూసివచ్చినవాడు. రాగానే రెండు నియమాలు పెట్టారు. పచ్చకోటు వేసుకున్న సహాయకుడు ముందు నడవనిదే రోగి అడుగు వెయ్యకూడదు. అధికారం లేనివాళ్లు ఎవరికీ దారి చెప్పకూడదు.

రెండో నియమం చదివినప్పుడు నాకు నా భార్య సుభద్ర గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట తనని మొదటిసారి ఆ ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున, ఎక్స్‌రే గది ఎక్కడో తెలియక వరండాలో నిలబడిపోయాం. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒకతను, తన బిడ్డకి సెలైన్ ఎక్కుతూ ఉంటే కూడా లేచొచ్చి, మెట్ల దగ్గర సుభద్ర మోచెయ్యి పట్టుకుని, ఆ గది గుమ్మందాకా దిగబెట్టి వెళ్లాడు. పేరు అడిగేలోగా వెనక్కి తిరిగాడు. అతను చేసిన పనిని అనధికార మార్గ సూచన అంటారని ఇన్నాళ్లకి తెలిసింది.

ఇదంతా పత్రికలో చదివి నవ్వుకున్నాను. పైడమ్మ కంటి సంగతి వచ్చాక నవ్వలేదు.

నేనుండే మేడకి కింది వాటాలో ఉంటుంది పైడమ్మ. జాకెట్లు కుడుతుంది. నేను ఒక్కణ్ణే వండుకుంటానని, కూర ఎక్కువైందన్న వంకతో గిన్నె పంపుతుంది. రోజూ ఎక్కువవుతుందా అని నేనెప్పుడూ అడగలేదు. ఆమె ఎడమకంటికి చిన్నప్పుడు దెబ్బ తగిలింది. దాంతో వెలుగూ చీకటీ తప్ప తెలియవు. కుట్టూ బతుకూ అంతా కుడికన్ను మీదే.

ఆరోజు పొద్దున్న గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"బాబాయిగారూ, కంట్లో కిందనించి నల్లగా నీరెక్కుతున్నట్టుందండి. మీ మొకం కనిపిస్తన్నాది. కాళ్లు కనపట్లేదు."

వీధి చివర కళ్లజోళ్ల డాక్టరు లైటు వేసి చూసి, వేళాకోళాలాడే మనిషి ఒక్కసారిగా మెత్తగా అయిపోయాడు. "లోపలి పొర ఊడుతోంది సార్. ఇంకా నడిమి భాగం దాకా రాలేదు. అది కూడా ఊడిందంటే తర్వాత ఎంత చేసినా చూపు అంతంతమాత్రమే. ఇవాళే ఆపరేషన్ జరగాలి. పెద్దాసుపత్రిలో హైమవతిగారని ఉన్నారు. ఇలాంటివి ఆవిడ చెయ్యాల్సిందే. తల కుదుపు లేకుండా తీసుకెళ్లండి."

ఆటోవాడు ప్రతి గోతి దగ్గరా బండి ఆపి, మెల్లగా గోతిలోకి దించి, పసిబిడ్డని మోస్తున్నట్టు నడిపాడు. అడక్కుండానే.

పెద్దాసుపత్రి గేటు దాటితే విశాలమైన ఆవరణ. ఆవరణకి అవతల వరండా. వరండాలో నీలం తలుపు. అది కంటి విభాగం. గేటు దగ్గర నిలబడితే తలుపు గొళ్లెం కూడా కనిపిస్తుంది. పైడమ్మ చెయ్యి పట్టుకుని అటు నడిచాను. వెనకనించి ఈల వినిపించింది.

"ఆగండి బాబూ! ఎవరితో ఎల్తన్నారు?" గేటు దగ్గరి కాపలామనిషి అప్పన్న.

"మాతో మేమే."

"అలగెల్లకూడదండి. పచ్చకోటు మనిసి ముందు నడవాల."

"తలుపు ఇదిగో, కనిపిస్తూనే ఉంది కదయ్యా."

"నాకూ కనిపిస్తన్నాదండి. నేనేటి, గుడ్డోణ్ణా?" అన్నాడు. అని, పైడమ్మ కన్ను మూసుకుని నిలబడి ఉండటం చూసి నాలిక కరుచుకున్నాడు. "ఏటనుకోకమ్మా. నోరు జారింది. మిమ్మల్ని వదిలీగలను. వదిలితే నా ఉజ్జోగం పోద్ది."

"సరే, పచ్చకోటు మనిషి ఎక్కడ దొరుకుతాడు?"

"కౌంటర్లోనండి."

"కౌంటరెక్కడ?"

అప్పన్న అటూ ఇటూ చూశాడు. "అది దారి సెప్పడమవుద్ది బాబూ. సెప్పకూడదు." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నాను ఊరికే ఇలగ తిరిగి నిలబడతానండి. నా మొకం ఎటుంటే అటు మీ ఇష్టం." అని ఎడమవైపుకి తిరిగి, జెండావందనంలో నిలబడినట్టు నిలబడ్డాడు. అతని ముక్కుకి ఎదురుగా నడిస్తే కౌంటరు వచ్చింది.

దానికి గమ్య నిర్ధారణ కేంద్రం అని పేరు. ఒకప్పుడు అది మందులిచ్చే చోటు. మందుల అరల్లో ఇప్పుడు కరపత్రాలున్నాయి. మెడకి టై కట్టుకున్న అధికారి మమ్మల్ని నవ్వుతూ ఆహ్వానించాడు. ఆ నవ్వు శిక్షణలో భాగమని తర్వాత తెలిసింది.

"చెప్పండమ్మా. మీ గమ్యం?"

"కంటి డాక్టరమ్మండి."

"అది గమ్యం కాదు. అది మీ అభిప్రాయం. గమ్యాన్ని మేం నిర్ధారిస్తాం. మొదటి ప్రశ్న. మీరు దారి తప్పారా?"

"లేదండి," అన్నాను నేను. "కంటి గది ఆవరణకి అవతలే కదా. ఈ కిటికీలోంచి కూడా కనిపిస్తోంది."

అధికారి ముఖంలో నవ్వు చెక్కుచెదరకుండా అలాగే ఉంది గానీ, కలం ఆగింది. "అయితే మీకు అర్హత లేదు. దారి తెలిసినవారికి సహాయకుణ్ణి కేటాయిస్తే వనరుల దుర్వినియోగం కింద లెక్క. ఈ సౌకర్యం దారి తప్పినవారికి మాత్రమే."

"మంచిది. మేమే వెళ్తాం."

"సహాయకుడు లేకుండా వెళ్లడం నిషిద్ధం."

"మరి ఎలాగ?"

"దారి తప్పాలి," అన్నాడు సౌమ్యంగా. "మీరు కంగారుపడకండి. దానికి వసతి ఉంది."

ఆ వసతి ఎముకల వార్డు. మంచాలు తీసేసి, చెక్క తడికలు అడ్డదిడ్డంగా నిలబెట్టి, అన్ని గోడలకీ ఒకే రంగు వేశారు. కాళ్లు విరిగినవాళ్లని ఎక్కడ పెట్టారని అడిగితే, అది దారి అడగడం కిందికి వస్తుందన్నారు. అందులో కాసేపు తిరిగి, పరీక్షాధికారి అడిగిన ప్రశ్నలకి తప్పు జవాబులు చెప్తే, తప్పిపోయినట్టు ముద్ర వేస్తారు. ముద్ర పడితే సహాయకుడు వస్తాడు.

మేం వెళ్లేసరికి అక్కడ చాలామంది తప్పిపోయే ప్రయత్నంలో ఉన్నారు. సంచిలో గంజి సీసా పెట్టుకున్న ఒక తాత మమ్మల్ని చూడగానే జరిగి, పైడమ్మకి బల్ల మీద గోడవార చోటిచ్చాడు.

"తల్లి గోడకి ఆనుకుంటాది, కూకోనీండి. తమరేటి జబ్బు?"

"నాది కాదు. ఆమెకి కన్ను."

"నాది పన్ను. నిన్న వొచ్చేను. తప్పిపోలేక సస్తన్నాను. ఈ గోడలకి సున్నం కొట్టింది నేనే బాబూ. ఎలగ తిప్పినా ఇల్లు సేరిపోతన్నాను."

పరీక్షాధికారి పైడమ్మని లేపి, తడికల మధ్య రెండుసార్లు తిప్పి, "తూర్పు ఎటమ్మా?" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం కూడా ఆగకుండా చెయ్యి చాపింది. సరిగ్గా తూర్పే.

"ఎలా తెలిసింది?"

"ఎండ బుగ్గకి తగుల్తన్నాది కదండి."

అనుత్తీర్ణురాలు అని రాసుకున్నాడు. తాత నెత్తి కొట్టుకున్నాడు. "ఎర్రిదానా, తెలిసినా సెప్పకూడదే! నోరు మూసుకుని పడమర సూపించు."

"అబద్ధమెలగ సెప్తాం తాతా, అంత పొద్దు పైనుండగా?"

"బాబాయిగారూ," అని నా వైపు తిరిగింది పైడమ్మ. "మీ నడుందాకా ఎక్కిపోనాది."

నల్లనీరు గురించి అంటోంది. మాట నెమ్మదిగానే ఉంది. నా చొక్కా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఆ సమయంలో సర్వోత్తమరావుగారు లోపలికి వచ్చారు. ఆరోజు రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోంది. అందుకని ఆయన తప్పిపోతున్నవారిని ఉత్సాహపరచడానికి వచ్చారు. చేతులు జోడించి, గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! గమ్యమన్నది ఒక స్థలం కాదు, ఒక అనుభూతి. నిన్నటిదాకా మీరు ఈ ఆసుపత్రికి జబ్బుతో వచ్చేవారు, మందుతో పోయేవారు. ఆ రెంటి నడుమ ఉన్న మహాప్రస్థానాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ మనం పట్టించుకున్నాం. గత మాసంలో మన చేరిక శాతం నూటికి నూరు. గమ్యం చేరని రోగి ఒక్కరంటే ఒక్కరు లేరు!"

"నయమైనోళ్లు ఎంతమంది బాబూ?" అన్నాడు తాత.

"ఆ గణాంకాలు వేరే శాఖవి," అన్నారు సర్వోత్తమరావుగారు, కొంచెం చిన్నబుచ్చుకుని.

నేను ముందుకెళ్లి పైడమ్మ సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. చాలా సంస్కారవంతుడు. "మీ ఆవేదన అర్థమైంది. కానీ ఒకరికి మినహాయిస్తే రేపు దారి తెలిసిన ప్రతివాడూ ముందుకొస్తాడు. ఆమెని ఇంకొకసారి ప్రయత్నించమనండి. తప్పిపోవడం ఎవరికైనా సాధ్యమే. పట్టుదల ఉండాలి."

రెండోసారి పైడమ్మ పడమర చూపించింది. చూపించి, ఎండ వస్తున్న వైపు తిరిగి లెంపలేసుకుంది. ముద్ర పడింది. తోడొచ్చినవాడు కూడా తప్పిపోవాలన్నారు కాబట్టి, నేను నా పేరు గుర్తులేదని చెప్పాను. దారి తప్పితే చాలు, అంత దూరం పోనక్కర్లేదని అధికారి అన్నాడు గానీ ముద్ర వేశాడు. తాత మాత్రం మళ్లీ నెగ్గలేక, కాసేపు నా పేరు తన పేరని చెప్పి చూశాడు. చివరికి వయసుని బట్టి అతనికీ వేశారు. అతన్ని పళ్ల విభాగానికి పోయే వరసలో నిలబెట్టి తీసుకెళ్లిపోయారు.

మాకు వచ్చిన సహాయకురాలు సన్నగా, నెరుస్తున్న జుట్టుతో, పచ్చకోటు భుజాల దగ్గర వేలాడుతూ ఉంది. చేతిలో చిన్న జెండా.

"నమస్కారం. నా పేరు మేరీ సుగుణ. మీ ప్రయాణం సుఖప్రదం కావాలని విభాగం కోరుకుంటోంది," అని పాఠం అప్పజెప్పినట్టు అని, మామూలు గొంతులోకి దిగింది. "ఏమైందమ్మా కంటికి?"

పైడమ్మ చెప్పింది. సుగుణమ్మ వంగి ఆ కంట్లోకి చూసింది.

"ఎప్పట్నించి?"

"రాత్రి కాళ్లు పోనాయండి. ఇప్పుడు బాబాయిగారి రొమ్ము దాకా."

"తల ఊపకు తల్లీ. నా భుజం మీద చెయ్యి వెయ్యి." జెండా చంకలో పెట్టుకుని నడక మొదలెట్టింది. "నేను కంటి ఆపరేషన్ థియేటర్ సిస్టర్ని సార్. ఈ కోటు వచ్చి రెండు నెలలైంది. మా థియేటర్లో అందర్నీ ఇందులోకి మార్చేశారు. దారి చూపించేవాళ్లు చాలట్లేదని వార్డుల్లోంచి తీసుకుంటున్నారు."

"మరి వార్డుల్లో?"

"వార్డులకి బ్రహ్మాండంగా దారి చూపిస్తున్నాం."

ఆవరణ దాటితే వచ్చే నీలం తలుపుకి ఆమె మమ్మల్ని రక్తపరీక్షలు, చర్మవ్యాధులు, వంటశాల, శవాల గది, పరిపాలనా భవనం మీదుగా తీసుకెళ్లింది. దగ్గరదారిలో వెళ్తే తీసుకెళ్లినట్టు కనిపించదట. మలుపు మలుపుకీ పర్యవేక్షకులు నిలబడి, జెండా పైకి ఉందో లేదో చూస్తున్నారు. దారిలో ఒక వార్డులో మంచాల మీదివాళ్లు గ్లూకోజు సీసాలు తామే ఎత్తి పట్టుకుని ఉన్నారు. కాస్త ఓపిక ఉన్నవాడు పక్కమంచంవాడి సీసా కూడా రెండో చేత్తో పట్టుకున్నాడు.

నీలం తలుపు చేరేసరికి అక్కడ కెమెరాతో ఒకతను ఉన్నాడు. పైడమ్మని తలుపు పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. చిన్న గంట మోగించాడు. "అభినందనలు. మీరు గమ్యం చేరారు."

లోపలికి వెళ్లాం. గది శుభ్రంగా ఉంది. కన్ను పరీక్షించే యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. కుర్చీ ఖాళీ.

"డాక్టరమ్మగారేరి?" అన్నాను.

"ఆవిడా?" కెమెరా అతను తన కాగితం చూసుకున్నాడు. "ఇవాళ పళ్ల విభాగం దారి డ్యూటీ."

పైడమ్మ గోడకి జారగిలబడింది. "బాబాయిగారూ, ఇంటికెళ్లిపోదామండి. నల్లనీరు మీ మెడకొచ్చేసింది. సూపున్నప్పుడే మా వీధి ఒకసారి సూసుకుంటాను."

ఆ మాటకి సుగుణమ్మ పచ్చకోటు విప్పి కుర్చీ మీదికి విసిరేసింది. "కూర్చో. కదిలావంటే చంపేస్తాను," అని గసిరి బయటికి పరుగెత్తింది. గసిరిన ఆ మాటంత ప్రేమ ఆ భవనంలో అప్పటిదాకా నాకెక్కడా తగల్లేదు.

కాసేపట్లో వరండాలో అలికిడైంది. ముందు సుగుణమ్మ. వెనక పచ్చకోటులో, చేతిలో జెండాతో డాక్టర్ హైమవతిగారు. ఆవిడ వెనక, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, బుగ్గలు వాచినవాళ్లంతా వరసగా. తమ సహాయకురాలు ఎటు వెళ్తే అటు వరస తెగకుండా నడవాలన్న నియమాన్ని వాళ్లు పాటిస్తున్నారు. వరసలో నాలుగోవాడు మన తాత.

డాక్టరమ్మ గుడ్డ తీసి, యంత్రం వెలిగించి, పైడమ్మ కంట్లోకి చూసింది. గదిలో పంటినొప్పులవాళ్లు సైతం మూలగడం మానేశారు.

"నడిమి భాగం ఇంకా అతుక్కునే ఉంది. అంచు దాకా వచ్చేసింది. ఇప్పుడే థియేటర్‌కి. సుగుణా, సామాను సిద్ధంగా ఉందా?"

"రోజూ రాత్రి ఇంటికెళ్లేముందు వచ్చి శుద్ధి చేసి పెడుతూనే ఉన్నానమ్మా. ఊరికే ఉండలేక."

సరిగ్గా అప్పుడు సర్వోత్తమరావుగారు వచ్చేశారు. వరస దారి మళ్లిన కబురు ఆయనకి అప్పుడే చేరింది.

"డాక్టర్, ఇదేమిటి? మీ జట్టు పళ్ల విభాగంలో ఉండాలి."

"ఈమెకి ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి."

"తప్పకుండా చెయ్యండి. మీ దారి డ్యూటీ ముగిశాక."

"అప్పటికి చూపు పోతుంది!"

"చూపు పోవడం వైద్యవిభాగం పరిధిలోది. నా పరిధి దారి. పైగా ఈమె గమ్యం చేరినట్టు నమోదైంది, గంట కూడా కొట్టారు. చేరినవారిని ఇంకోచోటికి నడిపిస్తే ఒకే రోగి రెండుసార్లు చేరినట్టవుతుంది. థియేటర్‌కి నడవాలంటే ఈమె మళ్లీ దారి తప్పాలి. బృందం దిగే వేళ నా లెక్కలు పాడుచెయ్యకండి."

నేను మామూలుగా ఎదురు చెప్పే మనిషిని కాను. అయినా ఎందుకో అడిగాను. "నడిస్తేనే కదండీ ఈ నియమం? పడుకుని వెళ్తే?"

ఆయన ఆలోచించారు. నియమాల విషయంలో ఆయన నిజాయితీపరుడు. "పడుకున్నవారికి గమనం లేదు. గమనం లేనివారికి మా విభాగం వర్తించదు. స్ట్రెచర్ అన్నది సామగ్రి రవాణా."

ఆయన మాట పూర్తయ్యేలోగా డాక్టరమ్మ వరండాలోకి వెళ్లింది. అక్కడ ఒక స్ట్రెచర్ మీద విభాగంవారి కరపత్రాలు గుట్టగా ఉన్నాయి. సుగుణమ్మా నేనూ ఆ గుట్టని నేలమీదికి దొర్లించి, పైడమ్మని వెల్లకిలా పడుకోబెట్టాం. డాక్టరమ్మ ముందు పరుగెత్తింది. మేం తోశాం. నా వయసులో నేనంత వేగంగా వెళ్లగలనని నాకే తెలియదు.

పంటినొప్పులవాళ్లు నియమం మరవలేదు. భుజాల మీద చేతులు వేసుకుని పరుగెత్తడం సాధ్యం కాదు కాబట్టి చొక్కాలు పట్టుకుని పరుగెత్తారు. ఒక మలుపులో చర్మవ్యాధుల జట్టు ఎదురైంది. వాళ్ల సహాయకుడు ఇటు కలిసినట్టున్నాడు, వాళ్లూ కలిశారు. ఆ తర్వాత గర్భిణులు, నెమ్మదిగా. థియేటర్ దగ్గరకి వచ్చేసరికి వెనక తోక కనిపించలేదు.

పరిశీలక బృందం కారు దిగి మొట్టమొదట చూసింది ఆ దృశ్యాన్నే. ముందు జెండాతో డాక్టరు, వెనక ఆసుపత్రి ఆసుపత్రంతా ఒక్క వరసలో. వాళ్లు అలా నిలబడిపోయారట. వాళ్లలో పెద్దాయన తాతని ఆపి అడిగాడు.

"పెద్దాయనా, మీ గమ్యం ఏమిటి?"

"పన్ను బాబూ."

"ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఆవిడెక్కడికెల్తే అక్కడికి."

ఆ జవాబుని ఆయన వెంటనే రాసుకున్నాడు. రోగికి వ్యవస్థ మీద ఇంత విశ్వాసం తన ఉద్యోగ జీవితంలో ఎక్కడా చూడలేదని సాయంత్రం సభలో అన్నాడు. సర్వోత్తమరావుగారి కళ్లు చెమర్చాయి.

ఆ సభ జరుగుతుండగానే థియేటర్ తలుపు తెరిచి హైమవతిగారు బయటికి వచ్చింది. ముఖానికి గుడ్డ తీసి, నా పక్కన నేల మీదే కూర్చుంది. "నిలిచిందండీ. అతుక్కుంటుంది," అని, కాసేపు తన చేతులకేసి చూసుకుంది. "చెయ్యి మరిచిపోలేదు," అంది మెల్లగా, తనలో తను అనుకున్నట్టు.

మరునాడు ఆవిడకి రెండు కాగితాలు వచ్చాయి. డ్యూటీ మధ్యలో దారి మళ్లినందుకు సంజాయిషీ అడుగుతూ ఒకటి, అంత పొడవైన వరసని నడిపినందుకు ఉత్తమ సహాయకురాలు పురస్కారం ఇస్తూ ఇంకొకటి. పురస్కారమే నెగ్గింది. హైమవతిగారికి పదోన్నతి ఇచ్చి, రాష్ట్రంలోని ఆసుపత్రులన్నిటికీ వరస నడపడంలో శిక్షణ ఇవ్వమని పంపేశారు. ఆవిడ వద్దని రాసింది. వినయం కొద్దీ అలా రాస్తున్నారని జవాబొచ్చింది. పైడమ్మ తర్వాత ఆ ఆపరేషన్ బల్ల మీద ఇంకెవరూ పడుకోలేదు. నీలం తలుపు దగ్గర మాత్రం గంట రోజూ మోగుతోందట. చేరికలు బాగా పెరిగాయి.

పైడమ్మ కన్ను కుదుటపడటానికి నెలలు పట్టింది. మొదట్లో అంతా అద్దం మీద ఊపిరి ఊదినట్టు ఉండేదట. సుగుణమ్మ ఆదివారాలు ప్రార్థన అయ్యాక వచ్చి కంట్లో లైటు వేసి చూసి, మా ఇంట్లో టీ తాగి వెళ్లేది. క్రమంగా పైడమ్మ గుమ్మంలో కూర్చుని హుక్కులు కుట్టడం మొదలెట్టింది. నాకు మళ్లీ కూర ఎక్కువవడం మొదలైంది.

మొన్నొక సాయంత్రం ఇద్దరం గుమ్మంలో ఉన్నాం. ఆమె కుట్టు ఆపి వీధి మలుపుకేసి చూసింది.

"ఎవరో పచ్చకోటాయన బాబాయిగారూ. ప్రతి ఇంటి నెంబరూ సూసుకుంటా వస్తన్నాడు. దారి తప్పీసినట్టున్నాడు."

నాకు అక్కడ ఎవరో ఉన్నట్టు కూడా కనిపించలేదు. అతను దగ్గరికి వచ్చాక చూశాను. నడివయసు మనిషి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"పైడమ్మగారంటే తమరేనా? రోగి గమన సౌలభ్య విభాగం నుంచి వచ్చానమ్మా. మీరు కంటి గదికి చేరినట్టు రికార్డు ఉంది. బయటికి వెళ్లినట్టు లేదు. సామగ్రి కింద వెళ్లారు కాబట్టి ఎక్కలేదు. రికార్డు ప్రకారం మీరింకా ఆ గదిలోనే ఉన్నారు. మిమ్మల్ని విధిగా బయటికి నడిపించమని నన్ను పంపారు."

"నాను బయటే ఉన్నాను కదండి."

"అవునమ్మా. అందుకని ఒకసారి లోపలికి రావాలి."

పైడమ్మ పక్కకి జరిగి గుమ్మంలో చోటిచ్చింది. "కూకోండి ముందు. పొద్దున్నించి ఏటైనా తిన్నారా?"

అతను కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు, ఇంకో గ్లాసు తాగాడు. కోటు గుండీలు విప్పుకున్నాడు. "అసలు నేను ల్యాబులో రక్తం తీసేవాణ్ణండి," అన్నాడు. "నొప్పి తెలీకుండా తీస్తానని పిల్లల్ని నా దగ్గరికే పంపేవారు." పైడమ్మ పెట్టిన ఉప్మా తిని, ఆమె రాననీ, కాగితం మీద సంతకం కూడా చెయ్యననీ అంటే బలవంతపెట్టకుండా లేచాడు.

గుమ్మం దిగాక ఆగాడు. వీధిలో అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"అమ్మా, బస్టాండుకి ఇక్కణ్ణించి ఎటెళ్లాలి?"

పైడమ్మ నోటితో చెప్పలేదు. ఒళ్లోని జాకెట్టు పక్కన పెట్టి, చెప్పులేసుకుని, "పదండి" అంటూ ముందు నడిచింది.